పాతాళగరిగె ఈత పందేనికి పోయిన వైనం

ఈత పందెంలో ఓడిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. కాలు పట్టేస్తుంది, ఊపిరి చాలదు, పక్కవాళ్లు గట్టివాళ్లవుతారు. నాకు ఇవేవీ కాలేదు. గెలుస్తున్న పందేన్ని, ఇంకా పది బారలే ఉండగా, నా అంతట నేనే ముంచేశాను. దాంతోపాటు మా రాజమల్లు సారునూ ముంచాను. ఎలాగంటారా? చెబుతాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి, ఊరంతా నవ్వనే నవ్వింది.

మాది నర్మెట్ట పక్కన పల్లె. నా పేరు మౌనిక. కానీ ఊళ్లో ఆ పేరుతో పిలిచింది బడిలో హాజరుపట్టీ ఒక్కటే. బావిలో పడ్డ బొక్కెనలను తీసే ఇనుప కొక్కేల గుత్తి ఉంటుంది చూడండి, పాతాళగరిగె, ఊళ్లో నన్ను అలా పిలిచేవారు. "ఓ పాతాళగరిగే! జర రా బిడ్డా, నా బిందె మునిగింది" అని ఏ అవ్వ కేకేసినా అన్నం ముందునుంచి లేచి ఉరికేదాన్ని. బిందె మీద ప్రేమ కాదండీ, అడుగున ఏముందో చూడాలన్న పాడు ఆరాటం. చూసిందేమీ లేదు. అంతా చీకటి, చేత్తో తడుముకోవడమే.

రాజమల్లు సారు జనగామలో ఈత క్లబ్బు పెట్టారు. క్లబ్బంటే ఏమనుకున్నారు? ఒక బోర్డు, ఒక ఈల, ఒక రైతును బతిమాలి అడుక్కున్న బావి. తొమ్మిదేళ్లు గడిచినా ఆయన పిల్లల్లో ఒక్కరూ రాష్ట్ర పోటీ గడప తొక్కలేదు. నా ఈత చూశాక ఆయనకు ఆశ పుట్టింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అమ్మాయిలకు కలిపి భూపాలపల్లిలో ఎంపిక పోటీ పెట్టారు. మొదట వచ్చిన ఒక్కరే రాష్ట్రానికి పోతారు.

ఆ రోజే నేను మొదటిసారి ఈత కొలను చూశాను. ఇక నా నోరు ఊరుకుంటుందా?

"సార్! అడుగు కనబడ్తాంది!"

"కనబడ్తది బిడ్డా. నువ్వు సూడకు."

"గా నల్ల గీతలేంది సార్?"

"సక్కగ పోనీకి."

"నీళ్లు పొయ్యకముందు గీసిన్రా, పోసినంకనా?"

"మౌనికా! పందెం అయినంక అన్నీ చెప్త. గోడ దాక పో, ముట్టి మలుగు, మల్ల రా. గంతే. ఏం సూడకు!"

చూడొద్దంటూనే తన సంచిలోంచి ఈత కళ్లద్దాలు తీసి నా కళ్లకు తగిలించారు. తప్పెవరిదో మీరే చెప్పండి.

ఈల మోగింది. దూకాను. రబ్బరు టోపీ పెట్టుకున్న భూపాలపల్లి అమ్మాయి గట్టిగానే వచ్చింది గానీ, గోడ ముట్టి మలిగేసరికి నా వెనకబడింది. గట్టున సారు గొంతు చించుకుంటున్నారు. "పో బిడ్డా! పో!" ఇంకా పది బారలు. అప్పుడు కనిపించింది. అడుగున, నల్ల గీత పక్కన, పచ్చగా మెరుస్తూ బంగారు గాజు!

అయ్యో, ఎవరిదో, ఎంత పరేషాన్‌లో ఉందో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ జాలి తర్వాత వచ్చింది. ముందొచ్చింది 'ఏందది?' అన్న ప్రశ్నే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది అన్నేళ్లు బావినీళ్లలో నానినా పోలేదు. మునిగాను.

"పిల్ల మునిగింది!" అని ఎవరో అరిచారట. సారు చెప్పులతో సహా దూకబోతే ఇద్దరు పట్టుకున్నారట. నేను మాత్రం పిడికిలి పైకెత్తి దర్జాగా తేలాను.

"దొరికింది! ఎవలదమ్మా గాజు?"

అందరూ అప్పటికే గోడ ముట్టి నన్నే చూస్తున్నారు. టోపీ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ అంది.

"గది గాజు గాదక్కా. ఇత్తడి రింగు. చిన్నపిల్లలకు మునుగుడు నేర్పనీకి మా కోచ్ ఏస్తడు. పొద్దున తియ్యుడు మరిచిండు."

"తెలిసి తెలిసి నీళ్లల్ల ఏస్తరా?"

"రోజూ ఏస్తం."

మా ఊళ్లో నీళ్లలో ఏదైనా పడేస్తే వీపు పగులుతుంది. ఇక్కడ పడేయడమే చదువట!

సారు గట్టున కూలబడ్డారు. కళ్ల నిండా నీళ్లు. "పది బారలే ఉండె బిడ్డా... పది బారలే" అన్నారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది, ఏడుపు తన్నుకొచ్చింది.

"తప్పయింది సార్. ఇంకోసారి అడుగు సూడను. మా అవ్వ మీద ఒట్టు!"

"ఇటు తే గా దిక్కుమాలిన దాన్ని!" అని సారు రింగు గుంజుకొని, కోపం పట్టలేక కొలను నడిమధ్యకు విసిరారు.

అది నీళ్లలో పడ్డ చప్పుడొక్కటే నాకు గుర్తుంది. ఒట్టు ఇంకా నోట్లోనే ఉంది, నేను మాత్రం మళ్లీ అడుగున ఉన్నాను.

తెచ్చి చేతిలో పెడితే, సారు రింగునూ నన్నూ మార్చి మార్చి చూసి రెండు చేతులెత్తి దండం పెట్టారు. అందుకే చిల్పూరు వెంకన్న సాక్షిగా మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట పందెంలో ఉండగా అడుగున బంగారం కాదు, మా రాజమల్లు సారే పడి ఉన్నా సరే, ముందు గోడ ముట్టుకుంటాను. ఆ తర్వాతే ఆయన్ని తీస్తాను.