మూడు పెట్టెలకూ ఒకే జబ్బు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని ఉద్యోగం. ఆ పనిలో అతని చేతికి వంక పెట్టినవాడు లేడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడతాడు. అదే చేతికి సాయంత్రం గిటారు అందిస్తే మాత్రం ఆ ఓపికంతా ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. డ్రమ్స్ వాయించే సొంత తమ్ముడు "అన్నయ్యా" అని పిలుస్తుంటే విని విని, పాటల బృందంలో అందరికీ అతను అన్నయ్యే అయిపోయాడు.

ఆ బృందానికి పెద్ద, పాడే మనిషి, బడిలో డ్రిల్లు మాస్టారు. ఈమధ్య ఒకరి రిటైర్మెంటు విందులో పాట ఆయన ఊపిరిని కూడా దాటేసి పరుగెత్తింది. ఆయన చరణం మధ్యలో ఉండగానే వెనకవాళ్ళు పల్లవికి వచ్చేశారు. విందు అయ్యాక మాస్టారు ఎర్రగా చూస్తూ, "ఎవరయ్యా నన్ను తరిమింది?" అన్నాడు. తాళం తప్పితే అందరి కళ్ళూ డ్రమ్స్ వైపే తిరుగుతాయి. అన్నయ్య ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

"మావాడికి చిన్నప్పట్నుంచీ కాస్త తొందరెక్కువ లెండి" అన్నాడు, నవ్వుతూ.

తమ్ముడు ఒక్కసారి అతని వైపు చూసి, తలవంచుకుని స్టాండ్ల మరలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా కొత్త డ్రమ్మర్ వచ్చాడు. తమ్ముడు తన ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ బాగుచేసుకుంటూ ఉండిపోయాడు.

కొత్తవాడు పాతిన గుంజలాంటివాడు, తన తాళం నుంచి అంగుళం కదలడు. దాంతో అతని దెబ్బ ఒకచోటా, గిటారు మోత ఒకచోటా పడసాగాయి. అన్నయ్య కారణం వెతికి పట్టుకున్నాడు. తన గిటారు శబ్దం మరీ పొడిగా ఉందట. డిలే పెడల్ ఒకటి ఉంటే, మీటిన స్వరం వెనకే ప్రతిధ్వనులు వచ్చి సందులన్నీ పూడ్చేస్తాయట. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత అతనికి తెలియక కాదు. సామెతలన్నీ పక్కింటివాళ్ళ కోసమే పుట్టాయనుకునే రకం.

అసలు సంగతి అతనికి బొత్తిగా తెలియదనడానికీ లేదు. విందు నాటి రికార్డింగు ఫోన్‌లో ఉండేది. అందులో ఒక పాట మొదట్లో డ్రమ్స్ లేవు, గిటారు ఒక్కటే. అది చెవిలో పెట్టుకుని వింటే, తన గిటారే అడుగడుక్కీ తొందరపడుతున్నట్టు అనిపించింది. రెండోసారి వినే ధైర్యం చాలక దాన్ని చెరిపేశాడు. మైకు మంచిది కాదులే అని సర్దిచెప్పుకున్నాడు.

పెడల్ కొనడానికి తోడు రమ్మని తమ్ముణ్ణే పిలిచాడు. ఏ ముఖం పెట్టుకుని పిలిచాడని అడగకండి. తమ్ముడికి సర్క్యూట్ల సంగతి తెలుసు, బేరమూ బాగా చేస్తాడు. తమ్ముడు మారుమాట లేకుండా స్కూటర్ తీశాడు.

సైకిళ్ళ షాపు మీది మేడలో పాత వాయిద్యాల దుకాణం. దాన్ని నడిపే ఆవిడ ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని ఏదో తీగ అతుకుతోంది.

"అనలాగ్ డిలే కావాలండీ. చవకలో" అన్నాడు అన్నయ్య.

"మంచిదే. డిజిటల్‌ది జిరాక్సు కాపీ లాంటిది, ఎన్నిసార్లు పలికినా అచ్చు ఒకేలా ఉంటుంది. ఇదేమో నీళ్ళ బకెట్లు చేతులు మార్చుకున్నట్టు. ఒక్కో చేతి దగ్గర కాసిని ఒలికిపోతాయి. అందుకే ప్రతిసారీ శబ్దం కొంచెం మసకబారి వస్తుంది. దీని అందమంతా అందులోనే ఉంది" అంటూ ఆవిడ మూడు పెట్టెలు బల్ల మీద పెట్టింది. ఒకటి పేరున్న కంపెనీది, కాస్త బరువైన ధర. రెండోది ఎవరో వాడి అమ్మేసింది. మూడోది ఆవిడే చేసిన ఆకుపచ్చ డబ్బా, అన్నింటికన్నా చవక.

అన్నయ్య తన గిటారు తగిలించి మొదటిదానితో వాయించాడు. రెండు వరసలు బాగానే నడిచాయి. తర్వాత ప్రతిధ్వని వచ్చి అతని స్వరాల మీద పడింది.

"దీని టైం జారిపోతోందండీ."

రెండోది కూడా అంతే. "పాతది కదా" అన్నాడు. మూడోదీ వెనకబడుతోందన్నాడు.

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. "మూడు పెట్టెలకూ ఒకే జబ్బా?" అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఇందాకట్నుంచీ మోకాలి మీద తాళం వేస్తున్నారు. పెట్టె ఎలా పలికితే అలా బల్ల మీద కొట్టండి, చూద్దాం" అంది.

తమ్ముడు వద్దులెండన్నాడు. ఆవిడ వినలేదు. ప్రతిధ్వని ఆగకుండా వచ్చేలా ఆకుపచ్చ డబ్బా మీట తిప్పి, అన్నయ్య గిటారు మీద ఒక్క తీగ మీటింది. టక్, టక్, టక్ అని పెట్టె పలుకుతూంటే తమ్ముడి వేళ్ళు దానితో కలిశాయి. అన్నయ్య వాయించడం మొదలుపెట్టాడు. కాసేపటికి అతని చెయ్యి జోరందుకుంది. అప్పుడు చూశాడు అన్నయ్య. తమ్ముడి వేళ్ళు పెట్టెను వదిలేసి, తన గిటారు వెంట వచ్చేస్తున్నాయి. తను ముందుకు పోతే అవీ ముందుకు పోతున్నాయి.

"బాబూ, పెట్టె వెంట వెళ్ళమన్నాను. ఆయన వెంట పడ్డారేంటి?" అంది ఆవిడ.

తమ్ముడు చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "అలవాటైపోయిందండీ" అన్నాడు మెల్లగా.

అన్నయ్యకు తల తీసేసినట్టయింది. వాయించడం ఆపేశాడు. పెట్టె మాత్రం ఆపలేదు. అతని తొందరనంతా మళ్ళీ మళ్ళీ వినిపించి, మెల్లగా సద్దుమణిగింది. బల్ల వైపు కూడా చూడలేకపోయాడు. బేరం ఆడకుండానే ఆకుపచ్చ డబ్బా తీసుకుని తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగాడు.

కింద సైకిళ్ళ మధ్య నిలబడి అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు. నువ్వు పరిగెడితే నేనూ పరిగెత్తేవాణ్ణి. లేకపోతే నీ తప్పు బయటపడిపోదూ?"

"మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వే చెప్తావనుకున్నా" అన్నాడు తమ్ముడు.

అన్నయ్య ఇక ఆ ముఖంలోకి చూడలేకపోయాడు. ఫోన్ తీసి మాస్టారికి చేశాడు. "మాస్టారూ, ఆ విందులో పాటను తరిమింది మావాడు కాదండీ. నేను."

"ఆ ముక్క ఆ రోజే అని ఉంటే ఎంత బావుండేదయ్యా" అన్నాడు మాస్టారు. "సరే, తమ్ముణ్ణి రమ్మను."

"రమ్మంటున్నారు" అన్నాడు అన్నయ్య, బతిమాలుతున్నట్టు.

తమ్ముడు స్కూటర్ స్టాండు తీశాడు. "నేను రానన్నయ్యా."

"కోపం పోలేదా?"

"కోపమేం లేదు. నేనొస్తే మళ్ళీ నీ వెంటే పరిగెడతాను. నా వల్ల కాదు, నిన్ను వదిలేసి నిలబడటం నాకు చేతకాదు." అన్నయ్య చేతిలోని డబ్బా వైపు చూశాడు. "దాంతో వాయించు. అది నీ వెంట రాదు."