పచ్చ గుర్తు చూపిన నకిలీ డబ్బాలు

భవానిని ఫోను తీసి బల్ల మీద పెట్టమన్నారు. ఎస్సై లింగం దాన్ని సంచిలో వేసి మూతి బిగించాడు. పక్కనే నిలబడ్డ మేనేజరు కామేశ్వరరావు ఆమె వైపు చూడలేదు.

రుద్రారంలో పుట్టి, సంగారెడ్డిలో డిగ్రీ చదివి, కాజీపల్లిలోని ఈ మందుల డబ్బాల ప్రెస్సులో కట్టలు కట్టే పనికి చేరింది భవాని. ఆమె చురుకుదనం చూసి కంప్యూటరు పని నేర్పింది కామేశ్వరరావే. ఇప్పుడు డబ్బా మీది నీలం బొమ్మలో కంటికి కనపడని ముద్ర కలిపే బాధ్యత ఆమెది. ముద్ర వేసే సంకేతం రహస్యం. అది ఆమె ఒక్కదాని చేతిలో ఉంటుంది. చదివే సంకేతం వేరు. అది మందుల దుకాణాల ఫోన్లన్నిటిలో ఉంటుంది. ఫోను చూపిస్తే అసలు డబ్బాకు పచ్చ గుర్తు వస్తుంది. చదివే సంకేతం తెలిసినంత మాత్రాన ఎవరూ కొత్త ముద్ర వేయలేరు.

అలాంటిది, జహీరాబాదు వైపు ఒక గోదాములో పట్టుబడిన నకిలీ బీపీ మందు డబ్బాలన్నిటికీ పచ్చ గుర్తే వచ్చింది.

“నీ దగ్గర్నించి బయటికి పోకుండా ఇది జరగదమ్మా,” అన్నారు కామేశ్వరరావు.

“నేనెవ్వరికి ఇయ్యలే సార్.”

ఆమె తమ్ముడు జైపాల్ ఎక్కడ పనిచేస్తాడు, ఈమధ్య ఇంటికి ఎవరెవరు వచ్చిపోయారు అని లింగం అడుగుతూ పోయాడు. జవాబులన్నీ నిజమే అయినా, చెబుతుంటే తనకే అబద్ధాల్లా వినిపించాయి.

ఈ ముద్రను తయారుచేసిన ఇంజనీరు నిషిత హైదరాబాదు నుంచి వచ్చి, నకిలీ డబ్బాలు బల్ల మీద పరిచింది. భవాని ఒకసారి చూస్తానంది. డబ్బా డబ్బాకీ మూత మీద బ్యాచ్ నంబరు వేరుగా ఉంది.

“మేడం, నేను బ్యాచ్‌కొక ముద్ర ఏస్త, ఆ బ్యాచ్ నంబరే దాంట్ల దాస్త. వీటి లోపల ఏ నంబరున్నదో జెర చూపిస్తరా?”

దుకాణాల ఫోన్లు పచ్చ గుర్తు చూపి ఊరుకుంటాయి. లోపలి నంబరు చూపించవు. నిషిత తన ల్యాప్‌టాప్ తెరిచి చదివింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. అన్నిట్లోనూ అదే నంబరు.

నిషిత ఆ నంబరును మూతల మీది నంబర్లతో పోల్చి చూసింది. “రహస్య సంకేతం దొరికినవాడైతే ప్రతి బ్యాచ్‌కీ కొత్త ముద్ర వేసుకునేవాడు. వీళ్లకి అది రాలేదు. ఒక అసలు డబ్బాని స్కాన్ చేసి, పైన నంబరు మార్చి అచ్చేశారు.”

నకలుకు కూడా ముద్ర వస్తుందా అన్నాడు లింగం నమ్మకం కుదరక. ఆఫీసు స్కానరు మీదే ఒక అసలు డబ్బా పెట్టి, మామూలు ప్రింటరులో తీశారు. ఆ కాగితం మీదికి నిషిత ఫోను పట్టింది. కాసేపు తెర కదల్లేదు. తర్వాత పచ్చ గుర్తు వచ్చింది.

నలిగిన డబ్బాలను ఫోన్లు చదవడం లేదని దుకాణాలవాళ్లు గొడవ చేస్తే, ఎంత నలిగినా చెరగకుండా ముద్రను గట్టిచేసింది తామేనని నిషిత నెమ్మదిగా చెప్పింది. ఆ గట్టిదనమే నకలుకూ ప్రాణం పోసింది.

“మరి పచ్చ గుర్తు సూసి మింగినోళ్ల సంగతేంది?” అన్నాడు లింగం. సంచి మూతి విప్పి భవాని ఫోను ఆమెకు ఇచ్చేశాడు.

ఆ నెలలోనే ముద్ర లోపల డబ్బాకొక నంబరు పెట్టారు. ఒకే నంబరు రెండుచోట్ల కనిపిస్తే ఇప్పుడు ఫోను హెచ్చరిస్తుంది. నకిలీవి అచ్చేసినవాళ్లు మాత్రం ఇంకా దొరకలేదు.

డబ్బాల గుట్టు తేలిన రోజు సాయంత్రమే కామేశ్వరరావు భవానితో గేటు దాకా వచ్చి, మనసులో పెట్టుకోవద్దన్నారు.

“అనుమానం వస్తది సార్. మీరడిగితే చెప్తుంటి. నన్నొక్క మాట అడగకుంట పోలీసోళ్లను పిలిచిండ్రు,” అంది భవాని.

రెండు రోజులు సెలవు కావాలని చెప్పి ఆమె నడిచింది. రుద్రారం బస్సులో కూర్చున్నాక జైపాల్‌కు ఫోను చేసి, ఇంటికి వస్తున్నానని చెప్పింది.