సీలు మీద బొట్టు: ప్రింటరుతో ధర్మవరం ప్రయాణం

ధర్మవరానికి జనం చీరల కోసం వెళ్తారు. నేనూ మా చెల్లెలు షబానా పాడైన ప్రింటరు ఎత్తుకుని వెళ్లాం. రెండు వేల ఆరు ప్రాంతపు సంగతి ఇది. షబానా పెనుకొండ బస్టాండు దగ్గర చిన్న గదిలో కంప్యూటరు పెట్టుకుని దరఖాస్తులు, బయోడేటాలు టైపు చేసి ఇచ్చేది. "ఆరు నెలలు చూద్దాం, నడవకపోతే మూసెయ్యి" అని మా నాయన మొదటిరోజే చెప్పేశాడు. ఐదున్నర నెలలు గడిచాక, ఒక స్కూలు వాళ్లు పరీక్ష పేపర్లు చేసిమ్మని నమ్మి అప్పజెప్పిన వారమే, ప్రింటరు ఆగిపోయింది. ఎర్రలైటు, 'సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండి' అని తెరమీద ఒక ముక్క, అంతే. సోమవారం పొద్దునకల్లా పేపర్లు ఇవ్వకపోతే స్కూలు పోతుంది, కొట్టూ పోతుంది.

అది చాలా పెద్ద కంపెనీ. పేరు రాయను, వాళ్లకు నేను ఉచితంగా ప్రచారం చేయడమెందుకు! వారంటీ ఇంకా ఆరు నెలలు ఉందన్న ధైర్యంతో ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను. ఒకటి నొక్కు, మూడు నొక్కు, మళ్లీ ఒకటి నొక్కు అని తిప్పి తిప్పి, ఇరవై నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ సంగీతానికి మీటరు ఎనభై రూపాయలు దాటింది. చివరికి ఒకమ్మాయి హిందీలో, "ధర్మవరంలో మా సెంటరు ఉంది, అక్కడికి తీసుకెళ్లండి" అని పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టులో గుమాస్తాని. శనివారం సెలవు పెట్టి ఆరున్నర బస్సు ఎక్కాను. పెనుకొండకు గంటా పది నిమిషాలు పట్టింది, టికెట్టు ఇరవై లోపే. ఎడమపక్క కిటికీ దొరికితే కూర్చోండి, కుడిపక్క ఎండ కొడుతుంది. బస్టాండు ఎదురు హోటల్లో ఉగ్గాని బజ్జీ తిని షబానా కొట్టుకు వెళ్లేసరికి, పక్కకొట్టు టైలరు లక్ష్మీదేవక్క ప్రింటరును దుప్పట్లో మూట కడుతోంది. ఆయుధపూజనాడు తన కుట్టుమిషనుకు బొట్టు పెట్టి, గంధం గిన్నె అట్లే పట్టుకొచ్చి ఈ ప్రింటరుకూ పెట్టింది ఆమే. "నా మిషనుకు పెట్టి నీ మిషనుకు పెట్టకుంటే ఎట్ల పాపా?" అందట. మేము ముస్లిములమే అయినా షబానా వద్దనలేదు. ముందరి బటన్లు పాడవుతాయని వెనకవైపు పెట్టించుకుంది.

"ఏం గాదులే, బొట్టు పెట్టిన మిషను ఇది" అని మూట ముడి బిగించి పంపించింది లక్ష్మీదేవక్క.

రైల్వే స్టేషను ఊరికి దూరం, ఆటోకు ముప్పై. తొమ్మిదింటి ప్యాసింజరు తొమ్మిది ముప్పావుకు వచ్చింది. టికెట్టు పది రూపాయల లోపు, రైలు తీరు చూస్తే అదీ ఎక్కువే. ఎదురుగా కూర్చున్న నేతపనివాడు మా మూటనే చూస్తున్నాడు.

"ఏమప్పా, ఏముండాది దాంట్లో?"

"ప్రింటరన్నా. పాడైతే సెంటరుకు తీసుకపోతాండాం."

"మీరే ఇప్పుకుని చూడకూడదా?"

"ఇప్పితే వారంటీ పోతాది. వెనక సీలు అంటించినారు."

ఆయన నవ్వాడు. "మా మగ్గానికి ఎవురన్నా ఇట్ల సీలేసినారంటే, ఊరంతా ఒట్టి ఒళ్లుతో తిరగాల్సిందే" అన్నాడు. షబానా తల తిప్పుకుని నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

సర్వీసు సెంటరు పట్టుచీరల అంగళ్ల వీధిలో మేడమీద ఉంది. స్టేషను నుంచి నడిచి వెళ్లొచ్చు. అక్కడి ఇంజనీరు రమేశ్ మూట విప్పి, ప్రింటరును వెనక్కి తిప్పి, నాలుక చప్పరించాడు.

"అక్కా, సీలు యాడుండాది?"

సీలు ఉండాల్సిన చోట గంధం పూత, దానిమీద రూపాయంత కుంకుమ బొట్టు, రెండూ గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిస్తే సీలు బయటపడింది. కానీ దానిమీది నంబరు ఊడి గంధంతో పాటు గుడ్డకు వచ్చేసింది. రమేశ్ కంపెనీకి ఫోన్ చేశాడు. నంబరు లేని సీలు విప్పిన సీలుతో సమానమట. రిపేరుకు పద్దెనిమిది వందలు కట్టాలి, పది రోజులు పడుతుంది.

నేను గొంతు పెంచాను. "ఇప్పినామా మేము? స్క్రూలు చూడప్పా, ఒక్క గీతన్నా ఉండాదా?"

"నాకు తెలుస్తాండాదన్నా. రూలు నాది కాదు."

అప్పుడు షబానా, గొంతు పెంచకుండానే, వేలెత్తి చుట్టూ చూపించింది. ఆ గదిలో నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు ఉన్నాయి. ఆరింటికీ బొట్లున్నాయి. "వీటికి వారంటీ పోలేదా అన్నా?"

రమేశ్ ముఖం ఎర్రబడింది. మెల్లగా అన్నాడు: "మేము సీలు ఇడిచిపెట్టి పెడతాం."

షబానా మళ్లీ దుప్పటి మూట కట్టుకుంది. మెట్లు దిగుతుంటే ఆమె కళ్లలో నీళ్లు. నాలుగు మెట్లు దిగామో లేదో, వెనకాలే రమేశ్ వచ్చి, "టీ తాగుదాం రాండన్నా" అన్నాడు.

వీధి చివర టీ అంగడిలో చుట్టూ చూసి చెప్పాడు. "మీ మిషను పాడుకాల్యా. ఇన్ని కాగితాలు అయినాక నిలిచిపోయేట్ల కంపెనీవాళ్లే లోపల లెక్క పెట్టినారు. పద్దెనిమిది వందలు ఆ లెక్క చెరిపేదానికే. సెంటర్లో చెప్తే నా ఉద్యోగం పోతాది, ఈడ చెప్తే పోదు." పవరు బటను పట్టుకుని, పక్క బటను ఎన్నిసార్లు నొక్కాలో, ఎప్పుడు వదలాలో చెప్పాడు. షబానా దాన్ని రైలు టికెట్టు వెనక రాసుకుంది. టీ డబ్బులు కూడా రమేశే ఇచ్చాడు. ఒళ్లుమండి వెళ్లిన నేను ఆ మనిషికి దండం పెట్టాను.

తిరుగు రైలు కోసం ఆగలేదు, రెండింటి బస్సు పట్టుకున్నాం. కొట్టు తెరిచి వైరు పెట్టి, టికెట్టు వెనక రాసుకున్నట్లే షబానా బటన్లు నొక్కింది. మొదటిసారి ఎర్రలైటే వెలిగింది. రెండోసారి బటను ఒక క్షణం ఎక్కువ పట్టుకుంది. పచ్చలైటు వెలిగి, లోపల గరగరమని చప్పుడై, ఏడో తరగతి లెక్కల పేపరు బయటికొచ్చింది.

ఆ చప్పుడు విని లక్ష్మీదేవక్క పరుగున వచ్చింది. "చూసినావా పాపా! బొట్టు పెట్టిన మిషనని పొద్దున్నే చెప్పలేదా నేను?"

షబానా నన్ను చూసింది. నోరు తెరిచానంటే నన్ను చంపేసేలా ఉంది ఆ చూపు. "అవునక్కా, నువ్వు చెప్పినట్లే అయింది" అంది.

మనం డబ్బిచ్చి కొన్న వస్తువును ఎప్పుడు ఆపాలో ఎక్కడో కూర్చున్నవాడు ముందే నిర్ణయించాడన్న కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కానీ ఆ రోజు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది కంపెనీ కాదు, టీ అంగడి. మీరు కూడా వారంటీ వస్తువు మోసుకుని ధర్మవరం వెళ్తుంటే, బయలుదేరే ముందే సీలు మీది నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మరుసటి ఏడాది ఆయుధపూజకు లక్ష్మీదేవక్క గంధం గిన్నెతో కొట్టులోకి వచ్చినప్పుడు, షబానా ప్రింటరును తనే పక్కకు తిప్పి, "ఈడ పెట్టక్కా" అని చోటు చూపించింది.