పోలండ్‌లో పెట్టిన తిరగమోత

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒక నూలు మిల్లులో నేను ఫిట్టర్‌గా పనిచేసేవాణ్ణి. ఎనభైల నడుమ మా యాజమాన్యం పోలండ్ నుంచి కార్డింగ్ మిషన్లు, అంటే పత్తిని దువ్వి పోగుగా తీసే యంత్రాలు, తెప్పించాలనుకుంది. ఆ దేశంతో అప్పట్లో రూపాయల్లోనే బేరం కుదిరేదట. అయితే మిల్లు నుంచి ఒక మనిషి వెళ్లి, ఒక చలికాలమంతా వాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ మిషన్లు విప్పడం బిగించడం నేర్చుకుని రావాలి. వెళ్లాల్సిన ఇంజనీరు గారికి సరిగ్గా అప్పుడే పెళ్లి కుదిరింది. ఆయన తర్వాత ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగింది నేనే. మా నాన్న క్రైస్తవ మిషన్ బడిలో పంతులు, ఇంట్లో బెత్తం పట్టుకుని నేర్పిన ఇంగ్లీషది.

"బొంబాయి కంటే దూరమేంట్రా?" అంది మా అమ్మ.

"చాలా దూరమే."

"అయితే కారం దొరకదు" అని తేల్చేసి, పెట్టెలో చొక్కాలకు మిగిలిన చోటంతా ఎండుమిరపకాయలతో, చింతపండుతో కూరేసింది. మొత్తానికి నా కోటు చేత్తో పట్టుకుని విమానం ఎక్కాను.

మొదటి తిప్పలు వార్సాలో రైల్వే స్టేషన్ దగ్గరే మొదలయ్యాయి. నేను వెళ్లాల్సిన ఊరు పేరు కాగితం మీద ఉన్న అక్షరాల్ని బట్టి చూస్తే లోడ్జ్. కనపడ్డ ప్రతివాణ్ణీ "లోడ్జ్, లోడ్జ్" అని అడిగాను. అందరూ జాలిగా చూసి వెళ్లిపోయారు. మైకులో మాత్రం ఎవరో పదేపదే "వూచ్, వూచ్" అంటుంటే, జలుబు చేసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టారేమో అనుకున్నాను. నా కళ్ల ముందే రెండు మూడు రైళ్లు వెళ్లిపోయాక కాగితం చూసిన ఒక పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి రైలెక్కించాడు. వాళ్లు లోడ్జ్ అని రాసి వూచ్ అని చదువుతారట. ఇంక ఆ భాష నాకు వస్తుందన్న ఆశ ఆ రైల్లోనే వదిలేశాను.

ఫ్యాక్టరీలో నన్ను ఒక ఫోర్‌మన్‌కి అప్పగించారు. ఎర్రటి మొహం, మోచేతుల దాకా గ్రీజు, ఇంగ్లీషు నాకంటే తక్కువ. మొదటిరోజు ఒక మిషన్‌లో సిలిండర్‌కీ పైన పళ్ల పట్టీలకీ మధ్య సందు సరిచేయమని సైగ చేశాడు. ఆ సందు కాగితం మందమంతే ఉండాలి. ఒళ్లు దగ్గర పెట్టుకుని బిగించి, "ఓకే?" అన్నాను.

ఆయన వంగి చూసి "నో, నో" అన్నాడు.

సరే, ఎక్కడో తప్పు చేశాననుకుని మొత్తం విప్పేశాను. మళ్లీ బిగించాను. ఆయన మళ్లీ వచ్చి చూసి, ఈసారి భుజం కూడా తట్టి, "నో, నో, నో" అన్నాడు. ఇంత ఘోరమైన తప్పుకి భుజం తట్టి ఓదార్చడం వీళ్ల మర్యాద కాబోలనుకుని మళ్లీ విప్పాను. మధ్యాహ్నానికల్లా ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. నా ఎదురుగా నిలబడి, పనివాళ్లంతా చూస్తుండగా, ఇలా బిగించు, ఇలా వదిలెయ్, ముట్టుకోకు అని సైగలతో వివరించి, "అర్థమైందా?" అన్నట్టు కళ్లెగరేశాడు.

అర్థమైందండీ అన్నట్టు నేను తల అటూ ఇటూ ఆడించాను. మన వైపు పెద్దవాళ్ల ముందు ఆడించినట్టే, కాస్త వినయంగా.

ఆయన మొదటి నుంచీ మళ్లీ వివరించాడు. నేను మళ్లీ తలాడించాను. ఆయన గొంతు పెంచాడు. నేను వినయం పెంచాను. చివరికి ఆఫీసు నుంచి ఇంగ్లీషు తెలిసిన ఒకామె వచ్చి విషయం విడమర్చింది. ఆ భాషలో 'నో' అంటే మనం 'ఊఁ, అంతే' అన్నట్టట. తలని అలా అడ్డంగా ఆడిస్తే ఆ దేశంలో 'కాదు, ఒప్పుకోను' అని అర్థమట. అంటే పొద్దుటి నుంచీ ఆయన బాగుందంటుంటే నేను విప్పేస్తున్నాను, నేను సరేనంటుంటే ఆయన నన్ను మొండివాడు అనుకుంటున్నాడు. అది విని ఆయన మిషన్‌కి చేరగిలబడి కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ మర్నాటి నుంచి నాకు ఏం చెప్పాలన్నా ముందు నా తలని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఆపి మరీ చెప్పేవాడు.

నాకు గది ఇచ్చింది ఒక విధవరాలు. నేత మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, పాతకాలపు మేడలో రెండో అంతస్తు. గోడ నిండా మరియమ్మ పటాలు. నేను ఇండియా నుంచి వస్తున్నానంటే పామునో కోతినో వెంట తెస్తాననుకుందట. పెట్టెలోంచి తెలుగు బైబిలు తీసి చూపించాను. ఆవిడ సంబరపడి నన్ను కావలించుకుంది.

"క్యాథలిక్కేనా?"

"కాదండీ, లూథరన్."

కావలించుకున్న చేతులు వదిలేసింది. మరియమ్మ పటం వంక చూసి, "అదైనా నయమే" అన్నట్టు నిట్టూర్చి టీ పెట్టింది.

చిక్కంతా స్నానంతో వచ్చింది. వాళ్ల స్నానాల గదిలో పెద్ద తొట్టి. అందులో పడుకుంటే నాకు పెట్టెలో పెట్టి పూడ్చబోతున్నట్టు ఉండేది. అందుకని తొట్టి పక్కన చెక్క నేల మీద పీట వేసుకుని, బకెట్ నింపుకుని, పాలగిన్నెతో దబదబా పోసుకునేవాణ్ణి. రోజూ పోసుకునేవాణ్ణి. ఆ చలిలో రోజూ స్నానమేమిటి, నీకేదైనా చర్మవ్యాధా అని ఆవిడ సగం మాటలు, సగం సైగలతో చాలా జాగ్రత్తగా అడిగింది. నీళ్లు ఎటు పోతున్నాయని మాత్రం ఆవిడా అడగలేదు, నేనూ చూడలేదు. మా ఇళ్లల్లో నేల మీద పోసిన నీళ్లు తూము వెతుక్కుని అవే పోతాయి.

ఒక ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లినప్పుడు ఎవరో తలుపు బాదారు. తీస్తే కింది అంతస్తు పెద్దాయన. ఒకప్పుడు ట్రాము నడిపేవాడు. ఎర్రబడ్డ మొహంతో "పాని! పాని!" అని అరుస్తున్నాడు.

నాకు హిందీ అంతగా రాకపోయినా ఆ మాత్రం తెలుసు. పాపం ముసలాయన, మెట్లెక్కి దాహమేసిందేమో అనుకుని పరుగున వెళ్లి గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చాను. ఆయన గ్లాసు వంకా నా వంకా చూశాడు. ఆయన బట్టతల మీద ఒక నీటిబొట్టు మెరుస్తోంది. ఏం చేయాలో తోచక ఆ నీళ్లు గడగడా తాగేసి, గ్లాసు నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

పాని అంటే వాళ్ల భాషలో 'అమ్మగారూ' అని తర్వాత తెలిసింది. ఆయన వచ్చింది మా ఇంటావిడ కోసం. నా స్నానం నీళ్లన్నీ పొద్దున్నే ఆయన మంచం మీద కారుతున్నాయట. "తల మీద నీళ్లు పోసింది చాలక తాగడానికి కూడా ఇస్తావా" అని నేను వెక్కిరించానని ఆయన అర్థం చేసుకున్నాడు. ఆ సాయంత్రం మెట్ల మీద ఆయనా మా ఇంటావిడా దెబ్బలాడుకున్నారు. ఎన్నో ఏళ్ల ఇరుగుపొరుగు, నా మూలంగా మాటలు ఆగిపోయాయి. ఆవిడ నన్ను తిట్టలేదు. పాలగిన్నె మాత్రం తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

దాన్ని ఎలా సర్దాలా అని మథనపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే ఒక కొట్టు ముందు పెద్ద వరస కనపడింది. ఆ దేశంలో వరస కనపడితే ముందు నిలబడాలి, దేనికని తర్వాత అడగాలి అని ఫోర్‌మన్ నాకు నేర్పాడు. అప్పట్లో వాళ్లకు మాంసానికి రేషన్, మిగతావి దొరికితే అదృష్టం. నిలబడ్డాను. కాళ్లు కొయ్యబారాక నా వంతు వచ్చింది. కొట్లో అమ్మాయి తాడుకి గుచ్చిన టాయిలెట్ కాగితం చుట్టల్ని దండలా నా చేతికిచ్చింది.

జన్మలో ఆ వస్తువుతో అవసరం పడనివాణ్ణి నేను. కానీ వరసలో నా వెనకవాళ్లు చూసిన చూపుకి వద్దనే ధైర్యం రాలేదు. రెండు చేతులూ ఖాళీ లేక అందరిలాగే నేనూ మెడలో వేసుకున్నాను. ఆ దండతో నడిచి వస్తుంటే వీధిలో ప్రతివాళ్లూ ఆగి పలకరించారు. ఎక్కడ, ఇంకా ఉన్నాయా అని అడిగారు. టోపీ ఎత్తి అభినందించారు. మా ఊళ్లో సర్పంచ్‌గా గెలిచినవాడికి కూడా అంత ఊరేగింపు జరగలేదు.

ఇంటావిడ నన్ను చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది, ఈసారి ఆనందంతో. సగం ఆవిడకిచ్చి, సగం తీసుకెళ్లి కింది పెద్దాయన తలుపు కొట్టాను. ఆయన చుట్టలు తీసుకున్నాడు, తలుపేసుకున్నాడు. కాగితం వేరు, కోపం వేరు.

డిసెంబరులో క్రిస్మస్ దగ్గర పడింది. ఒక పొద్దున బుద్ధిగా తొట్టిలోనే స్నానం చేద్దామని తువ్వాలు కట్టుకుని వెళ్తే, తొట్టిలో బతికున్న చేప! మన బొచ్చెలాంటిదే, నా చెయ్యంత పొడుగు, తాపీగా ఈదుతోంది.

"పండగ చేప" అంది ఆవిడ. "అప్పటిదాకా అక్కడే ఉంటుంది."

"మరి నా స్నానం?"

ఆవిడ భుజాలెగరేసింది. చేపకి లేని తొందర నాకెందుకన్నట్టు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. ఇక ఒళ్లు ఒప్పుకోలేదు. చేపని బకెట్లోకి మార్చి తొట్టిలో కూర్చుని మొహానికి సబ్బు పెట్టుకున్నానో లేదో, దభీమని చప్పుడు. చేప బకెట్లోంచి ఎగిరి నేల మీద పడింది. కళ్ల నిండా సబ్బుతో నేను దాన్ని పట్టుకుంటుంటే అది జారిపోతోంది, నేనూ జారిపోతున్నాను. చప్పుడుకి ఆవిడ తలుపవతల నుంచి అరిచింది, "ఎవరికి దెబ్బ తగిలింది? చేపకా?"

పండగ ముందు రోజు సాయంత్రం వాళ్లకు అసలు విందు. చేప ముక్కలు పిండిలో ముంచి వేయించింది. తలకాయ, తోక పక్కన పెట్టేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అవి నాకివ్వండి, మా దేశం పులుసు పెడతానన్నాను. ఒప్పుకుంది. చింతపండు నానేసి, నూనె కాగాక అమ్మ ఇచ్చిన ఎండుమిరపకాయలు గుప్పెడు తుంచి వేశాను.

ఆ చలికి కిటికీలన్నీ సందు లేకుండా గుడ్డలు కుక్కి మూసి ఉన్నాయన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. ముందు ఆవిడ దగ్గింది. తర్వాత నేను దగ్గాను. గుంటూరు యార్డులో మిరప టిక్కీ బస్తాల మధ్య తిరిగినవాణ్ణి, నాకే ఊపిరాడలేదు. ఆవిడ తలుపు తీసేసరికి ఆ ఘాటు మెట్ల మీదుగా కిందికీ పైకీ పాకింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. అంతకు కొన్నేళ్ల ముందు సర్కారుకి ఎదురుతిరిగిన గొడవల్లో ఆ ఊరి జనం పోలీసుల బాష్పవాయువు రుచి చూసి ఉన్నారు.

"గ్యాసు! గ్యాసు వదిలారు!" అని ఎవరో అరిచారు. అందరూ తడిగుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్ల మీదికొచ్చేశారు. కింది పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, ఊతకర్ర ఎత్తి, "పండగ పూట కూడా వదలరా మమ్మల్ని!" అని పోలీసుల్ని తిడుతూ పైకి వచ్చి, మా గుమ్మంలో గరిటె పట్టుకున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వా?" అన్నాడు.

"కూర" అన్నాను.

మా ఇంటావిడ కిటికీలన్నీ తెరిచి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. ఆ రాత్రి విందుకి వాళ్లు ఒక పళ్లెం ఎక్కువ వేస్తారు, అనుకోకుండా వచ్చే అతిథి కోసం. వచ్చినవాడు ఎవరైనా వెనక్కి పంపకూడదు. ఆవిడ ఆ ఖాళీ కుర్చీ వంక చూసింది, గుమ్మంలో పెద్దాయన వంక చూసింది.

"కూర్చో" అంది, మరీ ప్రేమగా ఏమీ కాదు.

ఆయన కూర్చున్నాడు. తినేముందు కాగితంలాంటి పల్చటి అప్పం ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని, పాతవి మరిచిపోదామని చెప్పుకోవడం వాళ్ల ఆచారం. ఇద్దరూ బల్లకి అటూ ఇటూ అప్పాలు పట్టుకుని ఎవరు ముందు తుంచాలా అని ఒకరి చేతి వంక ఒకరు చూసుకున్నారు. చివరికి ఆయన చెయ్యి చాపి ఆవిడ దాంట్లోంచి చిన్న ముక్క తుంచాడు. ఏదో అన్నాడు. ఆవిడ అంతకంటే పొడుగ్గా ఏదో అంది. నాకు అర్థం కాలేదు, అర్థం కానక్కర్లేకపోయింది. తర్వాత ఆయన నా వైపు తిరిగి నా అప్పంలో సగానికి సగం విరిచేసుకున్నాడు.

పులుసు ఒక చెంచా నోట్లో పెట్టుకుని పెద్దాయన కదలకుండా ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను భయపడి గ్లాసుతో నీళ్లందించాను. ఆయన ఆ గ్లాసు చూసి పగలబడి నవ్వాడు. మా ఇద్దరి మధ్యా ఆ విషయం మీద జరిగిన రాజీ అంతే.

తర్వాతి వారం మేడలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి మిరపకాయలడిగారు. ఒకరికి జలుబు, ఒకరికి కడుపునొప్పి. పెద్దాయన మాత్రం వోడ్కా సీసాలో రెండు కాయలు వేసి మోకాళ్లకి రాసుకుంటున్నానన్నాడు గానీ, సీసా తగ్గిన వేగానికి మోకాళ్లు ఎన్ని కావాలో మరి. బదులుగా నాకు సాసేజీలు వచ్చాయి, ఉన్ని మేజోళ్లు వచ్చాయి, ఎక్కడా దొరకని చలికాలపు బూట్లు కూడా వచ్చాయి. మిగతా చలికాలమంతా దర్జాగా గడిపాను.

ఎండాకాలం మొదట్లో తిరిగొచ్చాను. నా వెనకే ఓడలో మిషన్లు వచ్చాయి. నేను నేర్చుకున్న పోలిష్‌లో చాలా భాగం ఇక్కడ దిగగానే మరిచిపోయాను గానీ, ఫోర్‌మన్ దగ్గర అంటుకున్న ఒక తిట్టు మాత్రం వదల్లేదు. బోల్టు జారినప్పుడల్లా ఆయన "ప్షాక్రెఫ్!" అనేవాడు. కుక్క నెత్తురు అని దాని అర్థం. మా మిల్లులో మిషన్లు బిగిస్తున్నన్నాళ్లూ నా నోట్లో అదే మాట. అది ఎక్కువగా రోలరు వెనక ఉండే ఒక చిన్న లివరు దగ్గర వచ్చేది, ఎందుకంటే అది ఎప్పుడూ చెప్పిన మాట వినేది కాదు.

ఒకరోజు స్టోర్ కీపర్ గారు నా దగ్గరికొచ్చారు.

"మీ వాళ్లు ఏదో పాక్రేపు కావాలంటున్నారండీ. స్టోర్ అంతా వెతికాను. ఏ సైజుది?"

వెనక్కి తిరిగి చూస్తే మా కుర్రాళ్లు ఆ లివరు పట్టుకుని అమాయకంగా నిలబడి ఉన్నారు. "అదేనండీ, మీరు రోజూ అనేది" అన్నాడు ఒకడు. నాకు నవ్వాగలేదు, అర్థం చెప్పడానికి మనసూ రాలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ మిల్లులో ఆ లివరు పేరు పాక్రేపే.