ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇచ్చిన సలహా

కెనడాలోని సార్నియా అనే ఊళ్లో మేం అద్దెకున్న ఇంటావిడకు డెబ్బై దాటాయి. ముప్పయ్యేళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆంటీ అని పిలుస్తామంటే అదేమిటో అడిగి తెలుసుకుని సరేనంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆవిడకు రెండే పనులు. టొరంటో జట్టు ఆడే బేస్‌బాల్ టీవీలో చూడటం, ఆ జట్టు మేనేజర్‌ని తిట్టడం. దాదాపు రోజూ మ్యాచ్ ఉండేది కాబట్టి తిట్లకూ సెలవు ఉండేది కాదు.

కింద బేస్‌మెంట్ గదిలో నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయీ ఉండేవాళ్లం. మన పిల్లలు కెనడాలో విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా కాలేజీ క్యాంటీన్‌లో తెలుగు వినపడని బల్ల లేదు. ఒక్కో ఇంట్లో ఎనిమిదేసి మంది సర్దుకుంటుంటే ఇద్దరికి ఒక గది దొరకడం మా అదృష్టం. నేను గుంటూరు నుంచి సెప్టెంబర్‌లో వచ్చాను, తను జనవరిలో వచ్చింది. నాలుగు నెలలు ముందొచ్చినందుకు నేను సీనియర్‌ని. బ్యాంక్ అకౌంట్ ఎక్కడ తెరవాలి, ఏ బూట్లు మంచులో జారవు, ఏ ప్రొఫెసర్ మార్కులేస్తాడు, అన్నీ నన్నే అడిగేది. అడిగినవాటికీ అడగనివాటికీ చెప్పేదాన్ని. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నా చదువే అంతంతమాత్రం.

ఆ ఊళ్లో కారు లేకపోతే ఎక్కడికీ పోలేం. సాయంత్రమైతే బస్సులు కూడా తక్కువ. అందుకని మే నెల వచ్చేసరికి ఇద్దరం మెట్లెక్కి ఆంటీ ముందుగదిలో కూర్చోవడం అలవాటైంది. ఎదురింటాయన కూడా వచ్చేవాడు. ఆయన కెమికల్ ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆంటీ సోఫా తన నడుముకు పడదని సొంత మడత కుర్చీ చంకన పెట్టుకుని వచ్చేవాడు.

గొడవంతా పిచర్ గురించే. క్రికెట్లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్లో పిచర్ అలాగ. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే, అతను ఆరేడు బ్రహ్మాండంగా వేస్తుంటాడు. ఇంతలో మేనేజర్ బయటికొచ్చి, పెళ్లి భోజనమయ్యాక చెయ్యి కడుక్కోవడానికి వెళ్తున్నంత తాపీగా మైదానం మధ్యకు నడుస్తాడు. చెయ్యి చాపుతాడు. పిచర్ కిక్కురుమనకుండా బంతి ఆ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. అప్పుడు కొత్తవాడొచ్చి వేస్తాడు. ఆ కొత్తవాడు దెబ్బ తిన్నాడా, ఆంటీ పెన్సిల్ విసిరికొట్టేది. ప్రతి బంతినీ ఒక పొడుగాటి పుస్తకంలో గళ్లు నింపుతూ రాసుకోవడం ఆవిడ అలవాటు. విసిరిన పెన్సిల్ వెతికివ్వడం మా పని.

“బాగా వేస్తున్నవాణ్ని ఎందుకు తీశాడు? వాడి మొహంలో ఎక్కడైనా అలసట కనపడిందా?” అనేది ఆంటీ.

“మొహాలు చూసి తియ్యరు. తొంభై బంతులు దాటాక అతన్ని ఎంతలా కొడతారో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. ప్లాంట్‌లో గేజ్ ముల్లు ఎర్రగీత చేరకముందే వాల్వ్ కట్టెయ్యాలి. చేరాక కడతానంటే ఊరు మిగలదు,” అనేవాడు ఎదురింటాయన.

“మనిషికి గేజ్ ఉండదు. బస్సెక్కే పిల్లల మొహం చూసి ఏ పిల్లకి జ్వరమొస్తుందో చెప్పేదాన్ని నేను.”

“అందులో ఎన్నిసార్లు తప్పు చెప్పావో కూడా ఆ పుస్తకంలో రాశావా?”

ఇంక ఆవిడ ఆయనకు కాఫీ ఇచ్చేది కాదు. మరుసటి రోజు మళ్లీ ఇచ్చేది, మళ్లీ అదే వాదన. వాదనలో నేను ఎవరి పక్షమంటే, గెలిస్తే మేనేజర్ పక్షం, ఓడితే ఆంటీ పక్షం. గట్టున కూర్చున్నవాళ్లకు అన్నీ తెలుస్తాయి కదా. కరీంనగర్ అమ్మాయి మాత్రం ఎప్పుడూ పిచర్ పక్షమే. తను డిగ్రీ కాలేజీ జట్టులో ఫాస్ట్ బౌలర్‌నని చెప్పింది. “మంచిగ ఏస్తుంటే గట్లెట్ల తీసేస్తరక్కా? పాపం, ఎట్ల పోతుండు చూడు,” అని నిజంగానే బాధపడేది.

మొదటి వారంలోనే తనకు ధైర్యం చెప్పాను. “రెస్ట్ ఇచ్చారంతే. చివర్లో మళ్లీ దింపుతారు చూడు, డెత్ ఓవర్లకి దాచిపెట్టినట్టు.” తను నమ్మింది. చివరి ఇన్నింగ్స్ వచ్చింది గానీ అతను రాలేదు. భుజానికి ఐస్ కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొస్తాడని ఆంటీని అడిగితే ఆవిడ నన్ను వింతగా చూసింది. ఒకసారి తీసేస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ రాకూడదట. “ఇదేం రూలండీ, మనిషి కాసేపు ఊపిరి పీల్చుకుని రాకూడదా?” అని నేను ఆవిడతోనే వాదనకు దిగాను. ఎదురింటాయన కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు. రూల్ తెలియకుండానే మేనేజర్ ఉద్యోగం చేస్తున్నావు, అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

జూన్ చివరికి ఆ అమ్మాయి బాగా నలిగిపోయింది. తెల్లవారి ఐదింటికి కాఫీ షాపులో షిఫ్ట్. ఆ వేళకు బస్సు లేదు, గంట నడక. అక్కణ్నుంచి నేరుగా క్లాసుకు వచ్చి, వెనక వరసలో కళ్లు తెరిచి నిద్రపోయేది. ఆ సెమిస్టర్‌లో ఐదు సబ్జెక్టులుంటే రెండింట్లో మిడ్‌టర్మ్ పోయింది. ఫెయిలైతే ఏమవుతుందోనని అన్నం కూడా సరిగా తినేది కాదు.

మేమందరం అంత దూరం వచ్చింది డిప్లొమా కోసం కాదని అందరికీ తెలుసు. చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ కోసం. అది జీవితంలో ఒక్కసారే ఇస్తారు. అది ఉంటే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే పీఆర్, అంటే అక్కడే స్థిరపడే హక్కు. అది లేకపోతే తిరుగు టికెట్టే. వాళ్ల నాన్న కరీంనగర్‌లో బస్సు కండక్టర్. ఆ ఇంట్లో పాస్‌పోర్ట్ తీసుకున్న మొదటి మనిషి తనే.

ఒకరోజు మ్యాచ్ మధ్యలో నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది. “అక్కా, రెండు సబ్జెక్టులు డ్రాప్ చేస్తే ఏమైతది?”

టీవీలో ఎనిమిదో ఇన్నింగ్స్. ఒక్క పరుగు తేడాలో ఉన్నాం. మేనేజర్ అప్పుడే బయటికి వస్తున్నాడు.

“డ్రాప్ చేసెయ్. నెక్స్ట్ సెమిస్టర్‌లో కలిపి రాసుకోవచ్చు. మన దగ్గర బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకోమా, అంతే,” అన్నాను టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

“వర్క్ పర్మిట్‌కి ఏం కాదా?”

“ఏం కాదు. ముందు ఒళ్లు చూసుకో.”

మేనేజర్ చెయ్యి చాపాడు. ఆంటీ లేచి నిలబడింది. ఆ పిచర్‌ని ఉంచాలా తీయాలా అని మేం ముగ్గురం దాదాపు గంట కొట్టుకున్నాం. గాలి ఎటు వీస్తోంది, ఎదుట ఉన్నది ఎడమచేతి వాటం వాడా, పోయిన నెల ఇతన్నే ఎలా కొట్టారు, అన్నీ తవ్వాం. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను పెట్టిన టైమ్ అర నిమిషం ఉండదు. నాకు తెలుసని అనుకున్నాను. ఇప్పుడు ఎంత తిరగేసి చూసినా అంతకు మించి కారణం కనపడదు. మన కాలేజీల్లో సబ్జెక్టు పోతే పోతుంది, సప్లిమెంటరీ రాసుకుంటాం, ఎవరూ అడగరు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

తను మరుసటి రోజే డ్రాప్ చేసింది. నెల తిరక్కుండా మొహంలో కళ వచ్చింది. మిగిలిన మూడింటిలో మంచి మార్కులొచ్చాయి. వదిలేసినవి తర్వాతి రెండు సెమిస్టర్లలో ఒక్కోటి కలిపి పూర్తి చేసింది. నా సలహా వల్లే ఇదంతా అని నేను ఇద్దరు ముగ్గురు జూనియర్లకు చెప్పుకున్నాను కూడా.

సెప్టెంబర్ చివర్లో మా జట్టు ఇంటికి పోయింది. ఆఖరి వారంలో ఎవర్ని తీయాలో ఎవర్ని ఉంచాలో తెలియని మేనేజర్ వల్లే సీజన్ నాశనమైందని ఆంటీ, ఎవరున్నా అంతేనని ఎదురింటాయన, మంచు పడేదాకా వాదించుకున్నారు. డిసెంబర్‌లో నా చదువైపోయింది. నాకు పర్మిట్ వచ్చింది, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. గది మాత్రం మారలేదు. ఏప్రిల్‌లో తన చదువూ అయింది. మే నెలలో నేనే పక్కన కూర్చుని పర్మిట్‌కి అప్లై చేయించాను.

ఆగస్టులో జవాబు వచ్చింది. పైన మ్యాచ్ నడుస్తోంది, ఆంటీ అరుపులు కిందికి వినపడుతున్నాయి. తను ఫోన్ నా చేతికిచ్చింది. రిజెక్ట్ చేశారు. చదివినన్నాళ్లూ ప్రతి సెమిస్టర్ ఫుల్ టైమ్ చదవాలి, ఆఖరి సెమిస్టర్ ఒక్కదానికే మినహాయింపు, మీరు మధ్యలో ఒక సెమిస్టర్ పార్ట్ టైమ్ చదివారు. అంతే రాసి ఉంది. ఐదింట్లో రెండు తీసేస్తే మూడు, మూడంటే పార్ట్ టైమ్. ఆ లెక్క నాలుగో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు. నేను చేయలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రెండు నెలల్లో తెలిసింది. కాలేజీ ఆఫీసుకు వెళ్తే, డ్రాప్ చేసే ముందు వచ్చి అడగాల్సింది అన్నారు. మర్యాదగానే అన్నారు. ఒక కన్సల్టెంట్, మళ్లీ పరిశీలించమని రాయొచ్చు గానీ ఆశ పెట్టుకోకండి అన్నాడు. రాశాం. కాఫీ షాపు షిఫ్టుల కాగితాలు, డాక్టర్ చీటీ, మార్కులు అన్నీ జతచేశాం. ఆంటీ ఎంపీ ఆఫీసుకు ఫోన్ చేసి, మీరెవరైనా ఈ పిల్ల మొహం చూశారా అని గట్టిగా అడిగింది. అవతలివాళ్లు ఓపిగ్గా విని పేరు రాసుకున్నారు. ఎదురింటాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ లెటర్ మూడుసార్లు చదివాడు. వాదిస్తాడేమోనని నేను ఆశగా చూశాను. ఆయన మడిచి తిరిగిచ్చి, టీవీ సౌండ్ తగ్గించాడు. నాలుగు వారాలకు మా ఉత్తరానికి జవాబొచ్చింది. మొదటి నిర్ణయమే ఖాయమన్నారు.

మ్యాచ్ అయ్యాక ఆ మేనేజర్ని మైకుల ముందు కూర్చోబెట్టి, ఎందుకు తీశావు, ఎందుకు ఉంచావు అని రోజూ నిలదీస్తారు. నన్ను ఎవరూ నిలదీయలేదు. నిలదీయాల్సిన ఒక్క మనిషీ ఏమీ అనలేదు. చివరికి నేనే అన్నాను.

“నేను చెప్పబట్టే కదా ఇదంతా.”

“నువ్వు చెప్పినవ్, నేను ఇన్న. రూల్ సదువుకోవాల్సింది నేను గదక్కా,” అంది.

తిట్టు, కనీసం ఒక్కసారైనా తిట్టు, అన్నాను. తిడితే పర్మిట్ ఇస్తరా, అని ఉల్లిపాయలు తరగడానికి వెళ్లింది. నాకు తన మీద కోపం వచ్చింది. అంత సిగ్గులేని కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు.

మళ్లీ ఇంకో కాలేజీలో చేరి చదివే స్తోమత లేదు. చదివినా పర్మిట్ వస్తుందన్న నమ్మకం లేదన్నారు. అక్టోబర్‌లో టికెట్ తీసుకుంది. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం సూట్‌కేస్ సర్దుతుంటే వాళ్ల నాన్న వీడియో కాల్ చేశాడు. అక్కతో మాట్లాడతానన్నాడట, ఫోన్ నాకిచ్చింది. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదాయన, అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు.

“బిడ్డా, నువ్వున్నవనే మాకు ధైర్యముండె. సొంత అక్క లెక్క చూసుకున్నవ్. నీ మేలు మర్శిపోం,” అన్నాడు.

“అంకుల్, తనని ఏమీ అనకండి. నిజానికి ఆ సబ్జెక్టులు...”

“ఏమనం బిడ్డా. ఎందుకంటం. తప్పయితే దానిదే. ఎవ్వర్ని అడగకుంట సొంతంగ డ్రాప్ జేసిన అని అదే ఒప్పుకుంది. నీ అసొంటి తెలిసిన పిల్ల పక్కకే ఉండంగ ఒక్క మాట అడగకపాయె. అయినా ఏమనం.”

నేను ఫోన్ మీంచి తలెత్తి చూశాను. తను మంచం మీద చలికోటు మడతపెడుతోంది. నా వైపు చూడకుండానే, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“సరే అంకుల్,” అన్నాను.