కండ్లు మూసుకొని ఆకు చెప్పే ఆట

మా అంగన్‌వాడి కోమల టీచర్‌ను అందరికంటె ఎక్కువ తిట్టింది నేనే. నా నోరు మంచిది గాదు, ఊరందరికీ ఎర్కే. తెలంగాణ వచ్చేటందుకు ఇంక రెండేండ్లు ఉండె. కోమల రోజూ పొద్దుగాల పసిపోరగాండ్లకు పాత చీర ఒకటి పట్టిచ్చి, వరుసగ చేన్లల్ల తిప్పుతుండె. చీమల పుట్ట కాడ కూసోవెట్టేది, ఆకు నలిపి వాసన చూడుమనేది.

నా మనుమరాలు దుర్గాభవాని గూడ అండ్లనే ఉండె. నాలుగేండ్లది. నా కొడుకు శివరాజ్, కోడలు సంగారెడ్డిల బిల్డింగుల పనికి పోయి పిల్లను నా తాన ఇడిసిండ్రు. గా పిల్ల పక్కన లేకుంటె నాకు బువ్వ దిగదు. కానీ నాకు కండ్లు మసకైనయి. ఎవ్వలకూ చెప్పలే. తెలిస్తె కొడుకు పిల్లను తీస్కపోతడని భయం.

ఒకనాడు పోయి కొట్లాడిన. "ఏంది కోమల, అఆలు నేర్పుమంటె పిల్లలను మేకల తీర్గ మేపుతున్నవ్?"

ఆమెకు కోపం రాలే. "పెద్దమ్మా, రేపు నువ్వు గూడ రా. తప్పు కనవడితె గక్కడ్నే తిట్టు" అన్నది.

తిట్టుమంటె నేను వదుల్తనా? పోయిన.

మల్లప్ప కంది చేను, మొలకలు జానెడు లేవలే. కండ్లు మూసుకొని మొక్కను ముట్టి, పైరా కలుపా చెప్పాలె, గదీ ఆట. నా వంతు వచ్చింది. "నలభై ఏండ్ల సంది కలుపు తీస్తున్న, నాకు కండ్లు మూసుడేంది?" అని వంగి, "గిది గునుగు కలుపు" అని పీకి పారేసిన.

దుర్గాభవాని దాన్ని చేతులకు తీసుకొని, కండ్లు మూసుకొని తడిమింది. "నాయినమ్మా, గునుగు నున్నగుంటది. గిది మెత్తగున్నది. కంది."

సిగ్గుతోని సచ్చినంత పనైంది. కోమల ఇంకో పిల్లకు వంతిచ్చింది. పిల్లలను ఇండ్లల్ల దింపినంక వచ్చి, "మోతిబిందా పెద్దమ్మా, కండ్లల్ల పొర వచ్చిందా?" అనడిగింది. ఏడ్చిన. "నా కొడుకుకు చెప్పకు, నీ కాల్మొక్త."

"చెప్త," అన్నది. "ఆపరేషన్ అయినంక చెప్త."

తెల్లారే ఖేడ్ పెద్ద దవాఖానకు బస్సెక్కిచ్చింది. ఆపరేషనయ్యేదాక నా ఎంబడే దవాఖానకు తిరిగింది, పిల్లను తన ఇంట్ల పండవెట్టుకున్నది. నాకు కండ్లద్దాలొచ్చిన నాడు, అన్నట్టే శివరాజ్‌కు ఫోన్ చేసి అంత చెప్పింది. వాడు మర్నాడే దిగిండు. వచ్చుడే పిల్ల బట్టలు సంచిల వెడ్తుండు. కోమల మీద మన్నువోయ్య అని లోపల్నే తిట్టుకున్న.

కోమల మాత్రం నిమ్మలంగ గడప మీద కూసున్నది. సంచిలకెళ్లి చినిగిన గౌను ఒకటి తీసి, సూది దారం నా చేతుల వెట్టింది. "కుట్టు పెద్దమ్మా."

ఒక్కపారికే దారం ఎక్కిచ్చిన. కుట్టుకుంట పోతున్న. శివరాజ్ జరసేపు నా చేతుల దిక్కే చూసిండు. ఇగ సంచిల ఉన్న బట్టలు ఒక్కొక్కటి తీసి, మల్ల దండెం మీద ఏసిండు.