లేడిల్ దారిలో ఆగిపోయిన నూకరాజు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయనగా, ఒక ఏప్రిల్ నెల మొదటి వారంలో, తగరపువలస దాటాక హైవే పక్కనున్న ఒక ఉక్కు పోత కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. సేఫ్టీ ఆఫీసరంటే చట్టం పెట్టమంది కాబట్టి పెట్టుకునే ఉద్యోగి. హోదా మేనేజరుది, పలుకుబడి వాచ్‌మన్‌ది. ఎవరినీ శిక్షించే అధికారం అతనికి ఉండదు గానీ, ఎవరిని శిక్షించాలన్నది అతను రాసిన నివేదికను బట్టే తేలుతుంది. అందుకని నేను కనబడగానే అందరూ హెల్మెట్లు తలకెక్కించేవారు, నేను మలుపు తిరగగానే దించేవారు.

చేరిన నెలలోనే ఒక నియర్ మిస్ నా బల్ల మీదికి వచ్చింది. జరగబోయి తప్పిపోయిన ప్రమాదాన్ని మా వాడుకలో అలా అంటారు. కరిగిన ఉక్కును కొలిమి దగ్గర్నుంచి అచ్చుల దాకా మోసే పెద్ద పాత్రను లేడిల్ అంటారు. పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్ దాన్ని వేలాడదీసుకుని వస్తుంది. కదిలే ముందు క్రేన్ ఆపరేటరు హెచ్చరిక మోగించాలి. అది వినగానే కిందున్నవాళ్లు పసుపు గీత అవతలికి తప్పుకోవాలి. ఆ రోజు హెచ్చరిక మోగింది, అందరూ తప్పుకున్నారు. నూకరాజు అనే కుర్ర టెక్నీషియన్ మాత్రం చేతిలో స్పానర్‌తో, సరిగ్గా లేడిల్ వచ్చే దారిలో, నిటారుగా నిలబడిపోయాడు. బరువులు ఎత్తించే ఖలాసీ రమణ పరుగున వెళ్లి చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాడు.

“ఏటి బావా, సెవుడొచ్చిందేటి నీకు? నెత్తి మీదకి నిప్పులు వత్తంటే బొమ్మలాగ నిలబడిపోనావు!” అని రమణ వేసిన కేక గేటు దాకా వినబడిందట.

నూకరాజు ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు, అంటే ఉద్యోగం ఖాయం కాలేదు. వాళ్లది సముద్రం ఒడ్డు పేట, తరతరాలుగా వేటకు వెళ్లే కుటుంబం. పడవ ఎక్కకుండా జీతం తెచ్చినవాడు ఆ ఇంట్లో అతనే మొదటివాడు. పోత విభాగం పెద్ద, షాపు హెడ్ చలపతి గారు అప్పటికే తీర్పు చెప్పేశారు: మనిషి మందకొడి, ప్రమాదమున్న చోట పనికిరాడు, నిర్లక్ష్యమని రాసిస్తే సాగనంపుదాం. విచారణ ఇంకా మొదలుపెట్టలేదని నేనంటే, విచారణ మీ ఇష్టం, ముగింపు మాత్రం ఇదేనన్నారు. నాకు ఒళ్లు మండింది.

ముందు అతని చెవులు పరీక్ష చేయించాను. దివ్యంగా ఉన్నాయి. తర్వాత నా గదికి పిలిపించాను. గుమ్మంలో ఆగి అనుమతి అడిగాడు. చప్పుడు కాకుండా తలుపు వేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కూర్చోమనేదాకా నిలబడ్డాడు. ఆ నిలబడడం నాకు కొత్త కాదు.

“నాకు ఇనబడింది సార్. ఇనబడబట్టే ఆగిపోనాను. పరిగెట్టాలని తెలుసండి, కాళ్లు ఒప్పుకోలేదు,” అన్నాడు.

ఏ బడి అని అడిగాను. ఊళ్లోని ఫాదర్ల హైస్కూలు పేరు చెప్పాడు. నేను చదివిందీ అక్కడే, అతనికి ముప్పై ఏళ్ల ముందు.

క్రేన్ దగ్గరికి వెళ్లి అడిగితే మిగతాది తెలిసింది. హెచ్చరికకు వాడే పాత హూటర్ ఆ సంఘటన రోజు పొద్దున్నే కాలిపోయింది. స్టోర్సులో మరొకటి లేక, ఉన్న ఎలక్ట్రిక్ గంటను బిగించారు. ఒకసారి మోగించమన్నాను. మోగింది. అడుగు వేయబోతున్న నా కుడికాలు అక్కడికక్కడే ఆగింది.

క్యాథలిక్ బడిలో చదవనివాళ్లకు ఇది చెప్పాలి. మా బడిలో ఆటవిడుపు అయ్యాక ఇలాంటి ఎలక్ట్రిక్ గంటే రెండుసార్లు మోగించేవారు. మొదటి గంటకు ఎక్కడివాళ్లక్కడ శిలలైపోవాలి. బంతి గాలిలో ఉంటే దాని మానాన అది పడేది, పట్టుకోకూడదు. నోట్లో జామకాయ ఉంటే నమలకూడదు. రెండో గంటకు నోరు మెదపకుండా నడిచి లైనులోకి రావాలి. మధ్యలో కదిలినవాడి సంగతి లూర్దు ఫాదర్ చూసుకునేవారు. ఆయన బెత్తం కంటే ఆయన చూపుకే ఎక్కువ భయపడేవాళ్లం. హిందువులం, ముస్లిములం, క్రైస్తవులం అనే తేడా ఆ గంటకు లేదు. మాకు బైబిలు ఎంత వంటబట్టిందో దేవుడికే తెలియాలి గానీ, గంట మాత్రం ఎముకల్లోకి పోయింది.

ఆ బడి పెట్టిన అలవాట్లు ఇంకా చాలా ఉన్నాయి. పెద్దవాళ్లెవరైనా గదిలోకి వస్తే అన్నం ముందు నుంచైనా లేచి నిలబడతాను. మద్దిలపాలెం జంక్షన్‌లో ముందువాడికి మూరెడు ఎడం పాటిస్తూ బస్సు కోసం లైనులో నిలబడేవాణ్ణి. ఆ లైనులో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి, బస్సు వెళ్లిపోయేది. “మీ ఫాదర్లు మిమ్మల్ని స్వర్గానికి తయారుచేశారు గానీ సిటీ బస్సుకి కాదు,” అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, బడి గంటకు ఆగిపోయాడని నివేదికలో రాస్తే ఎవరు నమ్ముతారు? సాక్ష్యం కావాలి. విచారణ సమావేశానికి అదే రకం గంటను తెప్పించి బల్ల మీద పెట్టించాను. అధ్యక్షత జనరల్ మేనేజరు సుబ్రహ్మణ్యం గారిది. ఆర్నెల్ల కిందట వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి, మితభాషి. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ ఫ్యాక్టరీలో లేరు. నా వాదన మొత్తం విని, బడి అలవాట్లు గేటు బయట వదిలి రావడం ఉద్యోగి బాధ్యత కాదా అని అడిగారు. చలపతి గారు తల ఊపారు. ఒక కుర్రాడి అన్నం నా చేతిలోని స్విచ్చు మీద ఆధారపడి ఉంది.

నూకరాజును లోపలికి పిలిచి, కిటికీ పక్కనున్న ఫైలు తెచ్చి చలపతి గారికి ఇమ్మన్నాను. గంట సంగతి అతనికి చెప్పలేదు. ఈలోగా ప్యూను అందరికీ టీ ఇచ్చాడు. నూకరాజు ఫైలు తీసుకుని రెండడుగులు వేశాక స్విచ్చు నొక్కాను. నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే నిలబడిపోయాడు.

చలపతి గారు పకపకా నవ్వారు. “రిహార్సల్ బాగా చేయించారు సార్!” అని, మెచ్చుకోలు కోసం జనరల్ మేనేజరు వైపు తిరిగారు.

సుబ్రహ్మణ్యం గారి టీ కప్పు సాసరుకూ నోటికీ మధ్య నిలిచిపోయి ఉంది. పెదవులు బిగిసి ఉన్నాయి. కప్పులోంచి ఆవిరి కదులుతోంది గానీ ఆయన కదలడం లేదు. చలపతి గారి నవ్వు సగంలో ఆగింది. జనరల్ మేనేజరు గారి కళ్లు మాత్రం మెల్లగా నా చేతి మీదికి, అక్కడినుంచి స్విచ్చు మీదికి వచ్చాయి.

నాకు అర్థమైంది. రెండోసారి నొక్కాను.

కప్పు నోటి దాకా వెళ్లింది. నూకరాజు ఫైలు తెచ్చి ఇచ్చాడు. సుబ్రహ్మణ్యం గారు టీ పూర్తిగా తాగి, కప్పు చప్పుడు కాకుండా సాసరులో పెట్టి, తమది వేరే ఊరి బడి అనీ, నడిపింది మాత్రం ఆ ఫాదర్ల సంఘమేననీ చెప్పారు. రేపు పొద్దున్నకల్లా క్రేన్‌కి హూటర్ పెట్టించమన్నారు. అబ్బాయిని పనిలోకి పంపమన్నారు. మినిట్స్ రాసుకుంటున్న గుమాస్తా వైపు తిరిగి, “టీ సంగతి రాయక్కర్లేదు,” అన్నారు.

హూటర్ వచ్చింది. అది మోగితే పసుపు గీత దాటేవాళ్లలో నూకరాజు ముందుండేవాడు. ఆ ఏడాది చివర ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత విచారణకు వచ్చిన ప్రతి మనిషినీ, ఏ ట్రైనింగు అయిందని అడిగే ముందు, ఏ బళ్లో చదివావని అడిగేవాణ్ణి. ముప్పు మీదికొచ్చినప్పుడు మనిషి చేసేది నిరుడు క్లాసులో విన్నది కాదు, పదేళ్ల వయసులో ఒంటికి పట్టింది. అది మెమోలు ఇస్తే వదిలేది కాదు. కాబట్టి సేఫ్టీ ఆఫీసరు మనిషిని మార్చాలని చూడకూడదు, గంటను మార్చాలి.